వాన్నెస్ బుగ్గల రంగు

ఏంటి, రెండు లాప్‌టాప్‌లూ మోసుకొచ్చావా? పెట్టు, ఈ బల్ల మీదే పెట్టు. ఆ రొట్టెల బుట్ట కాస్త అటు జరుపు. ఇది నీ యాపిల్, అది మీ అన్న స్టైన్ వాడే విండోస్, అంతేగా? రెండింట్లోనూ ఒకటే ఫోటో, మీ నానమ్మది. ఒకదాంట్లో పాలిపోయినట్టుంది, ఇంకోదాంట్లో పొయ్యి ముందు నుంచి లేచొచ్చినట్టుంది, ఇందులో ఏది నానమ్మ తాతయ్యా అని నీ ప్రశ్న. విన్నాను, పొద్దున ఫోన్లోనే విన్నాను. శనివారం చర్చిలో మీ నానమ్మ పూజ, కార్డులు పంచాలి, గురువారానికల్లా ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి, అదీ తెలుసు. ఎనభై దాటితే చెవులు పోతాయంటారు గానీ నావి బానే ఉన్నాయి. అదిగో, తెరవకు! మూతలు అలాగే ఉండనీ. ముందు నన్ను కాఫీ తాగనీ. చూస్తాను, చూడనని ఎవరన్నారు? చూస్తాను. కూర్చో నువ్వు.

అసలు ఈ మాట నన్ను కాదు, హెర్మినక్కని అడగాలి. నీకు గుర్తుండదులే, నీకు పాలపళ్ళు ఊడే వయసులో పోయింది. మా ప్రెస్సులో పెళ్ళి కార్డులూ, హోటళ్ళ మెనూలూ ఎవరో ఒకరం చేసేవాళ్ళం గానీ పోయినవాళ్ళ ఫోటో వేసి పూజలో పంచే కార్డులు మాత్రం ఆవిడవే. ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేది కాదు. మీ నానమ్మ అల్మరా కింది సొరుగు తెరిచి చూడు, ఊళ్ళో సగంమంది అందులోనే ఉన్నారు. ఆ మొహాలన్నీ హెర్మినక్క చేతిలోంచి వెళ్ళినవే. నాకంటే పెద్దది, మా నాన్న హయాంలోనే చేరింది, అక్షరాలు కత్తిరించి అంటించే పనికి. నేను ప్రెస్సుకి యజమానినయ్యాక కూడా, నా జుట్టు నెరిశాక కూడా, "అబ్బాయ్ ఒమేర్, ఇలా రా" అనే పిలిచేది. కస్టమర్ల ముందు కూడా. ఏం చేస్తాం, వెళ్ళేవాణ్ణి.

ఎప్పుడూ బూడిద రంగు కోటు. గది గోడలు బూడిద రంగు, కుర్చీ బూడిద రంగు, కిటికీకి మందపాటి తెర. ఎందుకంటే మనం వేసుకున్న బట్టల రంగు స్క్రీన్ మీద పడుతుంది, పక్కన పెట్టుకున్న ఫోటో మీద పడుతుంది, కన్ను మోసపోతుంది. ఈ సంగతి మీ కాలేజీలో చెప్పారా? చెప్పే ఉంటారు. నేను ఓసారి క్రిస్మస్ కానుకగా వచ్చిన ఎర్ర స్వెటర్ వేసుకుని వెళ్ళాను. "బయటికి నడు అబ్బాయ్, నీ స్వెటర్ వచ్చి పాపం ఫాదర్‌గారి నెత్తి మీద కూర్చుంది, చచ్చి స్వర్గానికెళ్ళినాయన తాగొచ్చినట్టున్నాడు" అంది. ఇక మీ నానమ్మ సంగతి చెప్పక్కర్లేదు. ఆ నారింజ రంగు ఊలు స్వెటర్ ఉంది చూడు, మోచేతుల దగ్గర చిల్లులు పడితే మళ్ళీ అల్లుకుంది, అదే, అది వేసుకుని కాఫీ పట్టుకెళ్ళేది. గుమ్మంలోనే ఆపేసేది హెర్మినక్క. "నెల్లీ, నువ్వు మనిషివి మంచిదానివే, నీ స్వెటర్ ఉంది చూశావా, అది మాత్రం అక్కడే ఆగాలి." మీ నానమ్మ గుమ్మం బయట నిలబడి చెయ్యి చాపి కాఫీ అందించేది. అలా ఎన్నేళ్ళు! ఇద్దరికీ ప్రాణం. ఒకళ్ళు గదిలో, ఒకళ్ళు గుమ్మంలో, గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. నేను లోపల ఇంకు పూసుకుని చస్తుంటే, వీళ్ళకి కబుర్లు.

వాన్నెస్ అని ఆవిడకో కొడుకు. లేక లేక పుట్టాడు. ప్రెస్సులో కాగితం కట్టల మీదెక్కి ఆడేవాడు, మా నాన్న కోప్పడేవాడు కాదు, ఆయన కోప్పడనిది ఈ భూమ్మీద వాణ్ణొక్కణ్ణే. ఆ చలికాలం కాలువ గడ్డకట్టింది. గట్టిగా గడ్డకట్టినట్టే కనపడుతుంది, వంతెన కింద మాత్రం కట్టదు, అక్కడ నీళ్ళు కదుల్తుంటాయి. పెద్దవాళ్ళకి తెలుసు. వాడికి ఏడేళ్ళు, వాడికేం తెలుసు... సరే. తీశారు. లాంతర్లు పట్టుకుని, గడలతో... వద్దులే అదంతా.

కార్డు మేమే వేశాం. మేం కాక ఇంకెవరు వేస్తారు? అప్పటికి అందరివీ నలుపు తెలుపే. హెర్మినక్క మొగుడు వచ్చి ఓ ఫోటో ఇచ్చాడు, రంగుల్లో తీసింది అదొక్కటే ఉందన్నాడు. ఓస్టెండ్ సముద్రం ఒడ్డున నిలబడ్డాడు వాన్నెస్. గాలికి బుగ్గలు కందిపోయి, ముక్కు కారుతూ, నవ్వుతూ. "రంగుల్లోనే కావాలంది" అన్నాడాయన. మా నాన్న సరేనన్నాడు. అప్పట్లో రంగుల పనంటే ఫోటోని గెంట్ పట్నం పంపాలి, వాళ్ళు దాన్ని నాలుగు రంగులుగా విడదీసి ఫిల్ములు పంపితే మనం అచ్చేస్తాం. ఫిల్ములు వచ్చేసరికి తెల్లారితే పూజ. వేశాం. ఎరుపు నిలబడలేదు. మా నాన్న ఎంత ఇంకు పెంచినా చొక్కా ఎర్రబడుతోందిగానీ మొహం మాత్రం... నీలం. పెదాలు కూడా. ఇంకో దారి లేదు, జనం చర్చిలోకి వెళ్తున్నారు.

అందరూ వరసగా ముందుకి నడిచి తలా ఒక కార్డు తీసుకుంటారు కదా, తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే బోర్లా తిప్పి పట్టుకున్నారు. తర్వాత కాఫీకి కూర్చున్నప్పుడు హెర్మినక్క ఒక కార్డు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. "నీళ్ళలోంచి తీసినప్పుడు ఇలాగే ఉన్నాడు" అంది. అంతే. మీ నానమ్మ లేచింది. అప్పుడు కడుపుతో ఉంది, మీ నాన్నే కడుపులో. బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, రొట్టె ముక్కల పక్కనుంచి, కోటు జేబుల్లోంచి, ముసలమ్మల ప్రార్థన పుస్తకాల్లోంచి ఆ కార్డులన్నీ వెనక్కి అడిగి తీసుకుంది. "ఇవి తప్పొచ్చాయండీ, మార్చి ఇస్తాం, ఇటివ్వండి, మార్చి ఇస్తాం." ఒడి నిండా పోసుకుని వచ్చి హెర్మినక్క పక్కన కూర్చుంది. "మార్చి ఇస్తాం హెర్మిన్" అంది. నేను చూస్తూనే ఉన్నాను. అదీ మాట. ఇంకే మాటా కాదు, వాన్నెస్ కార్డు వాడి రంగులో మార్చి ఇస్తామని.

కొంచెం పాలు పొయ్యి. చాలు చాలు.

ఆ తర్వాత ఏ కొత్త ఇంకు వచ్చినా, గెంట్‌లో ఏ కొత్త కెమెరా పెట్టినా, మొదట ఆ ఫోటోనే వెళ్ళేది. వచ్చేది. ఆవిడ చూసేది. "ఇంకా కాదు" అని సొరుగులో పెట్టేసేది. ఈలోగా ఊరి వాళ్ళందరి మొహాలూ బాగు చేసిపెట్టింది. చచ్చినవాళ్ళు జబ్బుగా కనపడకూడదు అనేది, అలాగని పెళ్ళికొడుకులా కూడా కనపడకూడదు. కసాయి గుస్టాఫ్ పెళ్ళాం వచ్చి, "కొంచెం ఎరుపు తగ్గించు హెర్మిన్, మరీ బీట్‌రూట్‌లా ఉన్నాడు" అందిట. "ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ బీట్‌రూట్‌నే కదుటే ముద్దు పెట్టుకున్నావు, ఇప్పుడు నీకు తెల్లోడు కావాల్సొచ్చాడా?" అంది. ఆవిడ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. కార్డు మాత్రం చూడగానే కళ్ళకద్దుకుంది. ఇదిగో ఇదే గుస్టాఫ్ అని.

ఆఁ, కంప్యూటర్లు. అక్కడికే వస్తున్నా. తొంభై నాలుగో ఏమో, కత్తెరా జిగురూ పట్టుకుని ఇంక బతకలేమని తేలిపోయింది. ఏది కొనాలి? ఊళ్ళో ప్రెస్సులవాళ్ళు ఎదురుపడితే ఇదే గొడవ. బార్లో బీరు గ్లాసులు బల్లకేసి కొట్టుకున్నారు ఈ విషయం మీద, నువ్వు నమ్మవు. గెంట్ నుంచి ఒకాయన యాపిల్ పెట్టె పట్టుకొచ్చాడు, మెడలో సిల్కు గుడ్డ, సెంటు వాసన. కోర్ట్రైక్ నుంచి ఇంకో కుర్రాడు విండోస్ పెట్టె తెచ్చాడు, పాపం లారీ దించినట్టు చెమటలు. ఇద్దర్నీ ఒకే రోజు రమ్మన్నాను, తెలివైన పనే అనుకుని. ఇద్దరూ ఆ బూడిద రంగు గదిలో పక్కపక్కనే పెట్టారు. ఇద్దరి స్క్రీన్ల మీదా చిలక! అప్పట్లో ఎవడు అమ్మినా చిలకే, కాదంటే పళ్ళ బుట్ట. "చూడండి సార్, ఆ రెక్కల పచ్చదనం చూడండి" అంటాడు ఈయన. "మా దాంట్లో ఇంకా పచ్చ సార్" అంటాడు ఆ కుర్రాడు.

హెర్మినక్క ఓస్టెండ్ ఫోటో తీసుకొచ్చింది. "మీ చిలకని దింపండి బాబూ. చిలక నాకు తెలీదు. అది నిజంగా అంత పచ్చగా ఉందో లేదో చూసినవాడెవడు? వీణ్ణి పెట్టండి. వీడు నాకు తెలుసు."

ఒకే ఫోటో, ఒకేసారి రెండింట్లోకీ ఎక్కించారు. నేను నా కళ్ళతో చూశాను. కుర్రాడి పెట్టెలో వాన్నెస్ కాస్త చిక్కగా, నీడలో నిలబడ్డట్టున్నాడు. యాపిల్ దాంట్లో తేలిగ్గా, మబ్బు విడిచినట్టున్నాడు. ఒక్క ఫోటోకి ఇద్దరు పిల్లలు. ఇందులో మోసమేం లేదు. అప్పట్లో నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న మెట్లని ఒక్కో కంపెనీ ఒక్కోలా పరుచుకుంది, వాళ్ళ కొలత వాళ్ళది. కుర్రాడు స్క్రీన్‌కి అతుక్కునే పరికరం ఒకటి తీసి కొలిచాడు. "అంకెలన్నీ కరెక్టుగానే ఉన్నాయి మేడమ్, సరిగ్గా ఉన్నది మాదే." హెర్మినక్క తల కూడా తిప్పలేదు. "అంకెల్ని నువ్వు కన్నావా నాయనా?" అంది. పరికరం తీసి సంచిలో పెట్టేసుకున్నాడు. సిల్కు గుడ్డాయన రెండడుగులు వెనక్కి జరిగాడు, పిల్లాడి సంగతి ఎవరో చెప్పి ఉంటారు ఆయనకి.

ఎంతసేపో నిలబడింది ఆ రెండింటి ముందు. ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. మీ నానమ్మ గుమ్మంలో నిలబడింది, ఆ రోజు స్వెటర్ విప్పేసి చలికి వణుకుతూ. చివరికి యాపిల్ దాని మీద చెయ్యి పెట్టి, "ఇది" అంది. నేను ఎందుకని అడగలేదు. గెంట్ వాళ్ళూ అవే వాడతారు, ఇక్కడ చూసింది అక్కడా అలాగే కనపడుతుంది, అదొక లాభం. అందరికీ అదే చెప్పాను. నిజమే కూడా.

ఆ పెట్టె మీద నెలల తరబడి కూర్చుని వాన్నెస్‌ని సరిచేసింది. ఒకరోజు నన్ను పిలిచింది, "అబ్బాయ్, చూడు". చూశాను. అమ్మాయ్, ఆ పిల్లవాడు ఊపిరి తీస్తున్నాడనిపించింది. బుగ్గల మీద సముద్రం గాలి కనిపించింది. నేనే అచ్చేశాను, నేనే స్వయంగా, ఎవరికీ అప్పజెప్పకుండా. బాగా వచ్చింది. ఏ కస్టమరైనా నా చేతులు పట్టుకుని ఏడ్చేంత బాగా వచ్చింది. ఆవిడ కార్డు చూసింది, స్క్రీన్ చూసింది, మళ్ళీ కార్డు చూసింది. "కార్డు బాగుంది" అంది. సొరుగులో పెట్టేసింది. ఏం చెయ్యను? స్క్రీన్ వెలుగు లోపల్నుంచి వస్తుంది, కాగితానికి ఆ వెలుగెక్కడ? కాగితం మీద పడ్డవాడు ఎప్పటికైనా కాగితమే. అప్పట్నుంచి రోజూ ఇంటికెళ్ళే ముందు ఒక్కసారి వాణ్ణి తెరిచి చూసి, కోటు తగిలించి వెళ్ళేది. అది మాత్రం నేను చూడనట్టు ఉండేవాణ్ణి.

రిటైరయింది. మీ నాన్న చేతికి ప్రెస్సు వచ్చింది. తర్వాత ఏ ఏడో, యాపిల్ వాళ్ళు వాళ్ళ కొలత మార్చేశారు, అవతలి వాళ్ళ కొలతకి తెచ్చేశారు. మంచి పనే, ఇంక ఏ పెట్టెలో చూసినా ఒకటేనన్నారు, కాలేదనుకో, లేకపోతే నువ్వీ రెండూ మోసుకొచ్చేదానివా, అప్పటికి మాత్రం మేం కూడా సంబరపడ్డాం. మీ నాన్న కొత్త మెషీన్లు తెచ్చాడు. హెర్మినక్క వాఫెల్స్ డబ్బా పట్టుకుని చూడ్డానికి వచ్చింది, బూడిద రంగు కోటులోనే. "వాన్నెస్‌ని తియ్యి నాయనా" అంది మీ నాన్నతో. తీశాడు.

పాత ఫైలు కదా. చిక్కగా తెరుచుకుంది. మొహం నీడలోకి వెళ్ళిపోయింది.

"మళ్ళీ నీళ్ళలో పడేశారు వాణ్ణి" అంది.

మీ నాన్న బెంబేలెత్తిపోయాడు. "లేదు లేదు ఆంటీ, ఇది వట్టి సెట్టింగు, ఒక్క నిమిషం" అని ఏవో నొక్కి తేలిక చేశాడు. పాతదానిలాగే వచ్చిందనుకున్నాం మేం. ఆవిడ చూసి, తలూపి, వంటింట్లోకి వెళ్ళి మీ నానమ్మ దగ్గర కూర్చుంది. తలుపు వేసుకున్నారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని తలుపు వేసుకోవడం అదే మొదలు.

లోపల ఏం మాట్లాడుకున్నారో హెర్మినక్క పోయేదాకా మీ నానమ్మ నాకు చెప్పలేదు. కడుపులో దాచుకోవడంలో మీ నానమ్మని మించినవాళ్ళు లేరులే. పూజ అయి ఇంటికొచ్చాక, ఇదే బల్ల దగ్గర, బూట్లు విప్పుకుంటూ చెప్పింది. హెర్మినక్క అందట, "నెల్లీ, ఏది వాడి రంగో నాకు తెలీదే. ఇప్పుడే కాదు, ఆ ఇద్దరూ పెట్టెలు తెచ్చిన రోజు కూడా తెలీదు. మొహం గుర్తుంటుందే, గొంతు గుర్తుంటుంది, రంగు మాత్రం అన్నిటికంటే ముందు పోతుంది. ఒకదాంట్లో వాడు చలిలో ఉన్నట్టనిపించాడు, ఇంకోదాంట్లో వెచ్చగా ఉన్నట్టనిపించాడు. వెచ్చగా ఉన్నచోట ఉంచుకున్నాను, అంతే." విన్నావా? మా ప్రెస్సు మొత్తం, అన్నేళ్ళు, ఆవిడ ఆ రోజు 'ఇది' అన్న మాట మీద నడిచింది. నాకు ముందు కోపం వచ్చింది తెలుసా. తర్వాత ఏడుపొచ్చింది. మీ నానమ్మ బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది.

హెర్మినక్క కార్డు నలుపు తెలుపులో వేశాం. తనే చెప్పి పెట్టుకుంది, "నాది మామూలుగా వెయ్యండి, నా రంగు కోసం మీరెవరూ కొట్టుకు చావొద్దు" అని. మీ నానమ్మ మాత్రం వాన్నెస్‌ది కూడా వెయ్యాలని పట్టుబట్టింది. "మార్చి ఇస్తామన్నాం కదా ఒమేర్." సరే, తీశాం, పాతదీ కొత్తదీ, చిక్కనిదీ తేలికదీ. అన్నీ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాం. నేనూ, మీ నానమ్మా, మీ నాన్నా. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఎవర్ని అడగాలి? అడగడానికి మనిషి లేదు. మూసేశాం.

నువ్వేమో నన్ను అడుగుతున్నావు. నేనున్నాను కదా అని. ఉన్నాను, నిజమే, యాభై అయిదేళ్ళు ఆ మొహమే చూశాను, ఇంకెవర్ని అడుగుతావు పాపం. కానీ అమ్మాయ్, ఆదివారం మీ నానమ్మ పోయిన దగ్గర్నుంచీ కళ్ళు మూసుకుని చూస్తున్నాను. నవ్వు వస్తోంది, నడక వస్తోంది, నా మీద అరిచే అరుపు వస్తోంది. బుగ్గ ఏ రంగో రావడం లేదు. ఆదివారం నుంచే! ఇంకా పూజ కూడా కాలేదు. హెర్మినక్కని తిట్టుకున్నానే అప్పుడు, కన్నతల్లి ఎలా మర్చిపోతుందని... ఏడవకు. ఏడవకు తల్లీ, నేను ఏడవట్లేదు కదా.

సరే తెరువు. రెండూ తెరువు. కిటికీ తెర లాగు ముందు, ఆ వెలుతురు పడుతోంది. నువ్వు కాస్త పక్కకి జరుగు, నీ చొక్కా ఆకుపచ్చ.

ఊఁ.

ఊఁ. ఇది తోటలో తీసింది. గూస్‌బెర్రీలు కోస్తోంది. ఈ ఫోటో నేనెప్పుడూ చూడలేదే, నువ్వు తీశావా? మంచిదే. ఇదిగో, ఇక్కడ చూడు, గడ్డం కింద. ఇక్కడి ఎరుపు నీ మెషీన్‌దీ కాదు, మీ అన్నదీ కాదు. రెండింట్లోనూ ఉంది చూడు. స్వెటర్. ఆ నారింజ స్వెటర్ వేసుకుని ఎండలో కూర్చుంది, దాని రంగు వచ్చి గడ్డం మీద పడింది, బుగ్గ దాకా పాకింది. హెర్మినక్క అయితే ఒక్క క్షణంలో తీసి పారేసేది. నీకూ వచ్చు, నాకు తెలుసు, కాలేజీలో నేర్పే ఉంటారు.

తియ్యకు.

ఏ మెషీన్ మీదైనా చెయ్యి, నీ ఇష్టం. అది మాత్రం తియ్యకు. గుమ్మం బయటే నిలబెట్టారు పాపం అన్నేళ్ళూ... లోపలికి రానీ.

కాఫీ ఇంకా ఉందా అందులో? చల్లారిపోయినా పర్లేదు, పొయ్యి.